పచ్చగుడ్డ తినేసిన చీర

పెనుకొండ,
12-11-2025, బుధవారం.

మిత్రుడు తిమ్మరాజుకు,

నీ ఆశీర్వాదం చేసే నమస్కారాలు. దేవుని దయవల్ల నేనూ రాణీ ఒకమాదిరిగా ఉన్నాము. నువ్వూ, నీ మగ్గమూ, నీ మోకాళ్ళూ బాగున్నాయని తలుస్తాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్ చేస్తే కట్ చేస్తావు, వాట్సాప్‌లో బ్లాక్ చేశావు, ధర్మవరం వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే తలుపు వేస్తావు. నా భార్య రాణిని మాత్రం ఇప్పటికీ చెల్లెలనే అంటావు కాబట్టి, దీన్ని ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు. నువ్వు చివరిదాకా చదివేవరకూ కదలొద్దని ఆమెకు చెప్పాను.

స్టూడియో ఉందంటే ఉంది. మనిషిని పచ్చగుడ్డ ముందు కూర్చోబెట్టి ఫోటో తీసి, ఆ పచ్చనంతా సాఫ్ట్‌వేర్‌తో చెరిపేసి, వెనక ఏ ఊరు కావాలంటే ఆ ఊరు పెట్టడం ఒకప్పుడు వింత. ఇప్పుడు పిల్లలు ఫోన్‌లో వేలు ఆడించి చేసేస్తున్నారు. నా దగ్గరికి వచ్చేవి వాళ్ళకు చేతకాక వదిలేసినవే. మొన్న బత్తలపల్లి నుంచి ఒకాయన కొడుకు పెళ్ళి ఫోటోలు తెచ్చి, వెనక మంచుకొండలు పెట్టమన్నాడు. పెళ్ళికొడుకు చెమటతో తడిసి ముద్దయినాడు కదప్పా, మంచులో అదెట్లా అని అడిగితే, ఆ చెమట గూడా తీసేయప్పా, దానిదేముండాది అన్నాడు. తీసేశాను. జుట్టు చుట్టూ పచ్చ అంచు మిగలకుండా వెంట్రుక వెంట్రుకా విడదీసేసరికి మెడ పట్టేసింది. గోడకు కట్టిన గుడ్డ కూడా నాలాగే వెలిసిపోయింది. దాని ముడతలు కూడా నేనే సరిచేయాలి. అలసిపోయాను తిమ్మరాజూ. ఇట్లాంటివి చెప్పుకొని నవ్వడానికి నువ్వు లేకపోవడం ఇంకా అలసటగా ఉంది.

అసలు పనికి వస్తాను. హిందూపురంలో స్టూడియో నడిపే కిరణ్ నిన్న ఫోన్ చేశాడు. నువ్వు మీ ఆవిడ వరలక్ష్మమ్మ ఫోటో అతని దగ్గరికి తీసుకుపోయి, చీర రంగు మార్చి చిలకపచ్చ చేయమన్నావట. శుక్రవారం సంవత్సరీకానికి ఆ కొత్త ఫోటోనే పెడతావట, నేనిచ్చింది పొయ్యిలో వేస్తావట. అంతటితో ఆగావా? పచ్చచీర కట్టుకోని వచ్చినోళ్ళకు ఎనకాల నీలిగుడ్డ కట్టల్లని ఈయబ్బికి తెలిసినప్పుడు, ముప్పై ఏండ్లుగా ఫోటోలు తీస్తాండే ఆ పెనుకొండాయప్పకు తెలీకపాయనా అని నలుగురిలో అడిగావట. పాపం, కిరణ్ మొహమాటపడుతూ చెప్పాడు. నీలిగుడ్డ నా దగ్గరా ఉంది, బీరువా మీద మడిచి.

నీ కోపం నాకు అర్థం కాదనుకోకు. పెళ్ళయిన కొత్తలో నీ చేత్తో నేసిచ్చిన చిలకపచ్చ చీరతోనే ఆ రోజు ఆమెను బస్సెక్కించావు. హిందూపురం ఆస్పత్రికి పోతూ ఫోటో కోసమని పెనుకొండలో దిగింది. వెనక లేపాక్షి బసవన్న ఉండాలంది. మీరిద్దరూ అప్పట్లో పోయి ఒక్క ఫోటో కూడా లేకుండా తిరిగొచ్చారట. నిలబడే ఓపిక లేక కుర్చీలో కూర్చుంది, అయినా నవ్వింది. నెల తిరక్కుండానే పోయింది.

పెద్దకర్మ రోజు నేను ఫ్రేము కట్టించి తెస్తే, బసవన్నను చూసి కండ్లు తుడుచుకున్నావు. తర్వాత చీర చూశావు. వంకాయ రంగు. నా చీర యాడరా, నేను నేసిన చీరను నీ గుడ్డకు తినిపిచ్చి, నా పెండ్లానికి ఎవరిదో చీర చుడతావా అని బంధువులందరి ముందూ కాలర్ పట్టుకున్నావు. పచ్చ మీద పచ్చ, మిషన్ తినేసింది, ఏదో ఒక రంగు నింపాల్సి వచ్చింది అన్నాను. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న స్నేహం ఆ ఒక్క మాటతో పోయింది.

ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. ఆ ఫోటో మార్పించొద్దు. రంగు మారిస్తే ముఖం పాలిపోతుందని సాకు చెప్పవచ్చు, కానీ కిరణ్ మంచి పనివాడు, అట్లా కానీయడు. కాబట్టి ఉత్తినే అడుగుతున్నాను. రేపటిదాకా పని మొదలుపెట్టనని అతను నాకు మాటిచ్చాడు. ఆమె పేరున పెట్టడానికి మళ్ళీ చిలకపచ్చ చీరే మగ్గం మీద వేశావని మీ వీధి హనుమక్క చెప్పింది. అది విన్నప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ఒక్కసారి నా మాట విను. ఆ తర్వాత జీవితాంతం మాట్లాడకపోయినా సరే.

ఇట్లు,
నీ తిట్లకు అలవాటుపడిన
ఆశీర్వాదం

తా.క. ఉత్తరం మడిచాక రాణి విప్పి చదివింది. అసలు సంగతి రాయకపోతే తాను బస్సెక్కనని కూర్చుంది. రాస్తున్నాను.

ఆ రోజు మిషన్ ఏమీ తినలేదు. వరలక్ష్మమ్మ పచ్చచీరతో వచ్చిందని నేను నీలిగుడ్డ దించుతుంటే, వద్దని చెప్పి మా ఇంట్లోకి పోయింది. చీర మార్చుకొని వచ్చింది. వంకాయ రంగుది. ధర్మవరంలో కొంటే నీ చెవిన పడుతుందని, అంతకుముందు ఆస్పత్రికి పోయినప్పుడు హిందూపురంలో కొనుక్కుందట. మరమగ్గం చీర, నువ్వు చూస్తే ముక్కు విరుస్తావు.

ఎప్పుడు నేసిచ్చినా పచ్చే నేసిచ్చినాడన్నా, ఆయప్ప సంబరం చూస్తే వద్దనేకి నాకు నోరు రాల్యా, నాకు వంకాయ రంగంటే శానా ఇష్టం, ఫోటోలోనన్నా కట్టుకుంటా, ఆయప్ప అడిగితే మిషన్ తినేసిందని చెప్పు, బాధపడతాడు అంది. నా చేత ఒట్టు వేయించుకుంది. మళ్ళీ నీ పచ్చచీర కట్టుకొని బస్సెక్కింది. ఆ చీరను రాణి దగ్గరే వదిలిపెట్టింది.

రాణి చేతిలోని సంచిలో ఉన్నది అదే. శుక్రవారం ఫోటో ముందు ఏ చీర పెడతావో నీ ఇష్టం.

ఒట్టు తప్పినందుకు వరలక్ష్మమ్మ పైనుంచి నన్ను తిడుతూ ఉంటుంది. ఏడాదిగా నీ తిట్లు తింటూనే ఉన్నాను, ఇంక ఆమెవి కూడా.