రోడ్నీకి వెనక ఫిరంగులుండవు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గల్ఫ్‌లో మన రోలా ఫ్లాట్ ఖాళీ చేస్తున్నాం. నువ్వు చెక్కతో చేసిన బ్రిటిష్ యుద్ధనౌక రోడ్నీని చూసి, సామాను సర్దడానికొచ్చిన నెల్లూరు ఖాదర్ భాయ్, "మేడమ్, ఎనకాల ఫిరంగులు ఊడిపోయినాయి. ఇది ఖలాస్, పారేద్దామా?" అన్నాడు.

"పారెయ్. కొత్త ఫ్లాట్‌లో చోటెక్కడుంది?" అన్నారు మీ బావ.

నాకు ఒళ్లు మండింది. "ఏదీ ఊడలేదు. ఉక్కు కవచం బరువు తగ్గాలని పెద్ద ఫిరంగులన్నీ ముందువైపే పెట్టి కట్టారు. వాటితోనే ఇది యుద్ధంలో జర్మన్ల బిస్మార్క్ ఓడని తుక్కు చేసింది" అని నీ మాటలే అప్పజెప్పాను.

టాక్సీలో నీ ఓడని ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. ముందు సీట్లో మీ బావ. ఫిరంగులన్నీ ఆయన వీపుకే గురిపెట్టి ఉన్నాయి.