మా సభ్యుడి కింద కుర్చీ తీయించవలెనని

కొలంబో శాసనసభ కార్యదర్శి దొరవారి సముఖమునకు,
కొండసీమ హీన్‌గమ గ్రామ రైతు పుంచిరాళ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా సీమ తరఫున సభ్యులుగా నియమింపబడిన వెలిపిటియ బండార వారికి సభలో వేసిన కుర్చీని తక్షణము తీయించుట గురించి.

1. కొండల మీద పోడు కొట్టరాదను చట్టము తమ సభలో ఇప్పటికి రెండు మార్లు చదువబడినది. వచ్చే నెల మరల చదివినచో ఖాయమగునట. మాకు పల్లపు మడి లేదు. పోడులో పండే రాగులే మా తిండి. పోడు పోతే మేము తినేది మన్ను.

2. ఈ సంగతి సభలో చెప్పమని ఊరంతా వెళ్లి, బండార వారికి మోకరిల్లి తమలపాకుల కట్ట సమర్పించుకున్నాము. రెండు చేతులా పుచ్చుకున్నారు. మా సీమలో ఆకు పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. ఆ సంతోషంలో నా భార్య రన్ ఎతనా ఇంట్లో ఉన్న గుప్పెడు బియ్యమూ కొబ్బరిపాలలో వండి ఇరుగుపొరుగుకు పంచిపెట్టింది.

3. తీరా సభలో "అభ్యంతరము గలవారెవరు?" అని అడిగినప్పుడు, వారు బంగారు గుండీలు సవరించుకుంటూ కూర్చున్నారట. వారికి గొడుగు పట్టే నౌకరే చెప్పాడు. నేను వెళ్లి నిలదీశాను.

"ఏం దొరా, మా ఆకు నమిలి ఊసేశారా?"

"నోర్ముయ్యరా! మా నాన్నంతటివాడికి కూడా దొరలు పీటే వేసేవాళ్లు. నాకు వీపు ఆనుకునే కుర్చీ వేశారు. కుర్చీ వేసిన ఇంటివాడి మాటకి అడ్డం చెప్పడం మర్యాదేనట్రా?"

4. మా వాడుక తమకు తెలియకపోవచ్చును. చాప గాని, పీట గాని, కుర్చీ గాని, ఇంటివాడు ఇచ్చిన ఆసనము మీద కూర్చున్నవాడు ఆ ఇంట్లో కాదనరాదు. తమరు కుర్చీ వేసినది మాట్లాడమని. మావాడు అందులో కూర్చున్నది నోరు కట్టేసుకోవడానికి. ఛీ, ఏం బతుకయ్యా అది! మర్యాద ఆయనది, మాడే కడుపులు మావీనా?

కోపములో వ్రాసితిని, మన్నించవలెను. వద్దులెండి, మన్నించకండి. కోపం తగ్గితే ఆకలి గుర్తొస్తుంది.

5. కావున చట్టము మరల చదువు నాటికి సదరు కుర్చీ తీయించి, బండార వారిని నిలువుకాళ్ల మీద నిలబెట్టి అడుగవలెను. అప్పుడు మర్యాద అడ్డు రాదు.

నా మొర చిత్తగించి, మా నోటికాడి కూడు నిలుపవలెను.

తమ విధేయుడు,
పుంచిరాళ

తా.క. ఈ అర్జీ చదివి వినిపిస్తే నా భార్య నవ్వింది. "ఆయన్ని నిలబెడితే మాత్రం నోరు పెగులుతుందా? ఇక్కడ అరిచే బదులు నువ్వే పోరాదూ?" అంది. నిజమే. నేనే వస్తున్నాను. నాకు కుర్చీ వేయకండి, పీట వద్దు, చాపైనా పరచవద్దు. వట్టి నేల మీద కూర్చుంటాను. తమ ఆసనం పుచ్చుకోనివాడు తమ ఇంట్లో కాదనవచ్చు. ఈసారి తమలపాకులు తేవడం లేదు.