మామయ్యగారి వేలు తీయనివ్వకండి

ఏవండీ, తలుపు దడాలున వేయకండి. హాల్లో మామయ్యగారు మీ పాత వీడియో గేమ్ పెట్టె మీద బొటనవేలు నొక్కిపెట్టి కూర్చున్నారు. ఆ వేలు తీస్తే బొమ్మ పోతుంది, ఆట మళ్లీ మొదటికొస్తుంది. కాఫీ చల్లార్చి మీరే తాగించండి. చెవి దురద పెడితే మీరే గోకండి. రెండో చేత్తో ఆట రిమోట్ పట్టుకున్నారు, అది చచ్చినా వదలరట.

పొద్దున మూత విప్పి చూస్తే క్యాసెట్ పెట్టే చోట సోల్డరింగ్ ఊడిపోయి ఉంది. "ఇక్కడ కాస్త నొక్కి పట్టుకోండి మామయ్యా" అన్నాను. టీవీలో బొమ్మ వచ్చేసింది! అంతే, దీన్ని పాత సామాన్లవాడికి పడేద్దామన్న మనిషే ఆట మొదలుపెట్టి, ఒంటిచేత్తో ఆఖరి కోట గుమ్మం దాకా వెళ్లిపోయారు. లోపల రాక్షసుణ్ణి కొట్టడానికి మాత్రం రెండు చేతులూ కావాలట. ఆట ఆపి ఉంచి, "వాణ్ణి రానీ, వాడు కొడతాడు" అన్నారు. వాడంటే మీరే.

ఈ పెట్టె గురించి పోట్లాడుకున్న దగ్గర్నుంచీ "నాన్నకి చెప్పు", "వాడికి చెప్పమ్మా" అంటూ ఒకే ఇంట్లో నన్ను పోస్ట్‌మ్యాన్‌ని చేసేశారు. మీ ఇద్దరి మధ్యా తిరగలేక నా కాళ్లరిగిపోయాయి. ఇవాళ ఆ ఉద్యోగానికి నాకు సెలవు. ఆయన పక్కనే కూర్చుని ఆడండి.

అన్నట్టు, ఆ సోల్డరింగ్ ఐదు నిమిషాల పని. దాని ఐరన్ నా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని ఆఫీసుకి వెళ్తున్నాను. ఇల్లంతా వెతక్కండి.