బింబిం వేషం నాతో రాకూడదు

కుమాసి పట్టణం, పాత టఫో నివాసి, టీవీలో హాస్య నాటికలు రాసి, ఆడి పొట్టపోసుకున్న క్వామె అఫ్రే నింపోంగ్ అనే నేను, ఒంట్లో ఓపిక అయిపోయినా బుర్ర చెక్కుచెదరకుండా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయించిన వీలునామా ఇది. దేశమంతా నన్ను నా వేషం పేరుతో అగ్యా బింబిం అంటుంది. ఈ కాగితం మీద ఆ పేరు చెల్లదు. లోగడ ఏదైనా రాసి ఉంటే అది రద్దు.

1. పాత టఫోలోని ఇల్లు నా స్వార్జితం. మాలో ఆస్తి అక్కచెల్లెళ్ల పిల్లలకు పోవడం ఆచారం. కానీ ఈ ఇంటికి వంశం ఒక్క ఇటుక కూడా ఇవ్వలేదు. కనుక దీన్ని నా భార్య అఫువా ప్రంపేకు సర్వహక్కులతో దఖలుపరుస్తున్నాను. నా మేనల్లుడి పేరు యా. ఒరే యా, నువ్వు మంచివాడివే. కానీ నీ కన్ను ఆ ఇంటి మీదే ఉందని వీధంతా ఎరుగును. నీకు నా కారు ఇస్తున్నాను. అది కదిలితే నీ అదృష్టం.

2. నా నాటికల మీద యావత్తు హక్కులు కంఫర్ట్ అసీబుకు చెందుతాయి. తెరమీద నా పెళ్లాంగా వేసి, వారం వారం గరిటెతో నా వీపు విమానం మోత మోగించిన మనిషి ఆవిడే. జనం నవ్విన మాటల్లో సగం ఆవిడ నోట పుట్టినవి. టేపులు మాత్రం అడగకండి. టీవీ కేంద్రంలో ఒక పెద్దమనిషి వాటి మీద ఫుట్‌బాల్ ఆటలు ఎక్కించేశాడు. ఇదేమిటయ్యా అంటే, "మళ్లీ ఆడేద్దురూ మామా, మీకది ఎంతసేపు పని!" అన్నాడు. ఆయనకు నేనేమీ ఇవ్వడం లేదు. తిట్టే ఓపిక కూడా లేదు.

3. వీధి మలుపులో కెంకే అనే మొక్కజొన్న ముద్దలూ వేపిన చేపలూ అమ్మే ఎసీకి నా పెద్ద గొడుగు. నన్ను నింపోంగ్ గారూ అని పిలిచింది ఆమె ఒక్కతే. చేపలో నడుము ముక్క నాకోసం దాచిపెట్టేది.

4. ఇక అసలు సంగతి. శవాన్ని ఎలా అలంకరించి జనానికి చూపాలో తేల్చేది వంశమేనట, అక్కడ వీలునామాలు చెల్లవట. మా మేనమామ, కుటుంబ పెద్ద అయిన గ్యాబా మొన్న నా మంచం పక్కనే కూర్చుని ఈ మాట చెప్పాడు. అతుకుల లాగు తొడిగి, మూతి చుట్టూ తెల్లమట్టి పూసి, నన్ను బింబింలా కుర్చీలో కూర్చోబెడతాడట. "జనం నీ కోసం వస్తారనుకున్నావురా, వెర్రోడా? బింబిం కోసం వస్తారు" అన్నాడు. నిజమే కావచ్చు. అయినా నేను ఒప్పుకోను. ఎందుకో రాస్తున్నాను.

బింబిం అంటేనే ఏడుపు. నేను మూతి వంకర తిప్పి, భుజాలు ఎగరేసి ఏడిస్తే దేశం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. మా అమ్మాయి అబెనా జ్వరంతో పోయింది. మట్టి ఇస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. నాకు రెండు రకాల ఏడుపులు లేవు, ఉన్నది ఆ ఒక్కటే. శ్మశానం గోడవతల ఎవరో కిసుక్కుమన్నారు. "ఒరేయ్, రండ్రా! బింబిం ఏడుస్తున్నాడు, అచ్చం టీవీలో లాగే!" అని కేక. ఆ తరువాత లోపలి వాళ్లు కూడా ఆపుకోలేకపోయారు. అఫువా నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఏడవకు, నీకు దండం పెడతా. దాని కోసం నేనొక్కదాన్నే ఏడుస్తాను" అంది. అప్పటినుంచి కెమెరా ముందు తప్ప నేనెక్కడా ఏడవలేదు. వీధిలో వాళ్లకు వినబడుతుందని అఫువా ఇంట్లో కూడా నోట్లో గుడ్డ కుక్కుకునే ఏడుస్తుంది. నవ్వించీ నవ్వించీ అలిసిపోయాను. నా భార్య నా కోసం నోరారా ఏడవాలి. నాకు ఇంకేమీ వద్దు.

5. అందుచేత ఈ వీలునామా అమలుకు కంఫర్ట్‌ను నియమిస్తున్నాను. నా ప్రాణం పోగానే ఆ వేషం పొయ్యిలో పెట్టాలి. నా ముఖం అఫువా కడగాలి. నల్లబట్ట కప్పి నన్ను పడుకోబెట్టాలి. గ్యాబా మామది పెద్ద గొంతే, కానీ కంఫర్ట్‌ది ఇంకా పెద్దది.

6. ఇంత చేసినా గుంత దగ్గర ఎవరైనా నవ్వితే వాళ్లను తిట్టకండి, తరమకండి. పెట్టె దించకుండా ఆగండి. నవ్వు పూర్తిగా అణిగేదాకా తరువాతి మాట ఎత్తకూడదని మా పనిలో మొదట నేర్పుతారు. ఆగడం నాకు అలవాటే. అందరూ నోళ్లు మూసుకున్నాక, అఫువా, నువ్వు మొదలుపెట్టు.

చదివించుకుని విని, నా మాటలేనని ఒప్పుకుని చేవ్రాలు చేశాను.

కుమాసి, 14 ఆగస్టు 2009
(సం) క్వామె అఫ్రే నింపోంగ్

సాక్షులు:
రెబెక్కా ఒఫోసు, నర్సు
డానియెల్ బుయా, దర్జీ