‘చెప్పాను’ అన్న మాట

సెప్టెంబరు 4
ముసురు. అన్నం మాడింది. నేనే వండుకుంటే ఇంతే.
రాజ్యం ఆషాఢంలో నరసరావుపేట పుట్టింటికి వెళ్ళింది. శ్రావణం కూడా వెళ్ళిపోయింది, తను రాలేదు. రమ్మని బావమరిది సుబ్బారావుతో కబురు పెట్టాను. మాచర్ల పోతూ ఇవాళ దిగాడు. "చెప్పాను బావా." ఏమన్నదిరా? "చెప్పమన్నావ్, చెప్పా." కాఫీ తాగి బస్సెక్కేశాడు.
కాలవ గట్టు మీద ఈ ఇరిగేషను క్వార్టర్సు, నేను, కప్పల అరుపు.

సెప్టెంబరు 6
పైన వాన ఎక్కువట. పిల్లకాలవ షట్టరు దించమని పై ఆఫీసు నుంచి ఫోను. ఆ మాట చెప్పి రమ్మని, కాలవ వెంట తిరిగే లస్కరు ఇస్రాయేలును పంపాను. షట్టరు దగ్గర కాపలా అతని అల్లుడు ఏసోబు.
సాయంత్రం ఇస్రాయేలును కిటికీలోంచే అడిగాను — చెప్పావా? "చెప్పానయ్యా." దించేశామని పైకి ఫోను చేసి పడుకున్నాను. హాయిగా నిద్ర పట్టింది. అదీ నా తెలివి.

సెప్టెంబరు 7
తెల్లారేసరికి పిల్లకాలవకు గండి. దాని కింద సేద్యం చేసే కోటమ్మ గారి నాట్లన్నీ ఇసక కింద. షట్టరు సగంలోనే ఉంది — అడుగున మొద్దు ఇరుక్కుంది.
ఏసోబు నిన్న చాలాసేపు మర తిప్పాడట. దిగలేదు. ఎవరికీ చెప్పలేదు. ఎందుకురా? "తిడతారని అయ్యా."
ఇస్రాయేలు మీద విరుచుకుపడ్డాను. దించేశానన్నావుగా? ముసలాయన తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "దించావా అని మీరడగలా. చెప్పావా అన్నారు. చెప్పా."
గండి దగ్గరకు నడిచాను.
కోటమ్మ గారు అరిచినా బాగుండేది. "నీళ్ళు కావాలన్నాం గానీ, ఇట్టా కాదు నాయనా." ఆ ఒక్క మాట అని గట్టు దిగి వెళ్ళిపోయారు. చాలా బాధగా ఉంది.

సెప్టెంబరు 8
సంజాయిషీ అడిగారు. వాళ్ళిద్దరి పేర్లూ ఎత్తలేదు. దించారో లేదో కనుక్కోకుండా దించామన్నది నేను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో.

సెప్టెంబరు 10
గండి పూడ్చారు. ఇద్దరినీ పిలిచి చెప్పాను — ఇక మీదట షట్టరు మీద చెయ్యి వేసినవాడే నా దగ్గరకు రావాలి. కాకపోతే కాలేదనాలి. తిట్టను.
ఇస్రాయేలు ఏసోబు వంక చూశాడు. ఏసోబు నేల వంక. ఎవరూ నమ్మినట్టు లేదు.

సెప్టెంబరు 12
ఏసోబు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "కాలేదయ్యా. మర బిగుసుకుపోయింది."
వెధవ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగాను. పద అన్నాను. ఇద్దరం ఆముదం పోసి తిప్పాం. దిగింది. వాడు నవ్వాడు. వాడు నవ్వగా నేను చూడటం ఇదే మొదలు.

సెప్టెంబరు 13
పిడకల కోసం వంటింటి వెనక వెతికితే వాటి అడుగున పాతగుడ్డలో మూట. విప్పితే లాంతరు చిమ్నీ ముక్కలు.
ఎప్పుడు పగిలిందో. ఎవరికీ కనపడకుండా దాచింది... ఎవరికీ ఏమిటి, ఈ ఇంట్లో నేను కాక ఇంకెవరున్నారు. అణాల సరుకు. దానికి కూడా నేనంటే అంత భయమా రాజ్యం.

సెప్టెంబరు 14
ఏమీ తినబుద్ధి కాలేదు.

సెప్టెంబరు 16
నరసరావుపేట. మామగారి అరుగు మీద రాస్తున్నాను.
మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా వచ్చాను. రాజ్యమే తలుపు తీసింది. చిక్కిపోయింది. సుబ్బారావు చెప్పలేదా అన్నాను.
"చెప్పాడు. రమ్మన్నారని చెప్పాడు. వస్తావా అని అడగమనలా మీరు."
నిజమే. అనలేదు.
అడిగాను. వస్తావా?
తలుపు పట్టుకునే అడిగింది. "రాలేనంటే తిట్టరుగా?"
తిట్టనన్నాను.
లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నెల చప్పుడు. అత్తగారు ఏదో అంటున్నారు. మామగారు బయటకు వచ్చి, "మీ గురజాల బస్సుకు టైమైంది అబ్బాయ్, నేను కనుక్కుని కబురు పెడతాలే" అన్నారు.
వద్దండీ, తననే చెప్పనివ్వండి అన్నాను.
బస్సు హారను వినిపించింది. వెళ్ళిపోయింది. కూర్చునే ఉన్నాను.