వీపు వెనకాల ఏరు

టర్కీ ఫోర్క్, కెంటకీ
మార్చి 4, 1987

నా చిట్టితల్లి డెల్ఫాకి,

నీకు ఊపిరి పోసినవాడి కృప నీకు తోడుండాలని కోరుకుంటూ మీ నాన్న రాస్తున్నాడు. ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. "నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను నాన్నా. పదమూడో తేదీన ఆఫీసులో సంతకం పెట్టి బొమ్మల చదువు మానేస్తాను. ఈస్టర్‌కి వచ్చి మన మందిరం తొట్టిలోనే బాప్తిస్మం తీసుకుని, ఇక ఇంట్లోనే ఉంటాను. ప్రభువు నీతో చెప్పాక కాదనడానికి నేనెవర్ని?" అని రాశావు. ఆదివారం మందిరంలో చదివి వినిపించాను. అందరూ ఆమెన్ అన్నారు. సిస్టర్ ఫ్లోసీ ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. నేనూ హల్లెలూయా అన్నాను. అన్నాను గానీ ఆ మాట చేపముల్లులా గొంతులో అడ్డం పడింది, ఇంకా దిగలేదు.

నీ బాప్తిస్మానికని సోమవారం తొట్టి కడగడానికి వెళ్లాను. తొట్టి వెనక గోడ నీకు తెలుసు, తెల్లగా, ఏమీ లేకుండా ఉంటుంది. ఆ తెలుపు కింద ఒక ఏరుంది డెల్ఫా. యొర్దాను నది. అది మీ అమ్మ వేసింది. మీ అమ్మ పోయేనాటికి నీకు ఏడేళ్లు, గుర్తుండకపోవచ్చు. ఓర్లీనాని మట్టిలో పెట్టిన మర్నాడు, రెండు డబ్బాల తెల్లరంగు కొనుక్కొచ్చి, తల దించుకుని, ఆ గోడంతా నేనే పూసేశాను. ఏడుస్తూ పూశాను. దేనిమీద పూస్తున్నానో కూడా చూడలేదు.

కిందటి ఏడు తొట్టికి నీళ్లు కాచే హీటరు పెట్టించాం. అప్పట్నుంచి మొదలైంది. నడుమెత్తులో తెలుపు పొరలు పొరలుగా లేచి, దాని కింద నుంచి ఒక కన్ను బయటపడింది. మళ్లీ రంగు వేశాను. రెండు బాప్తిస్మాలయ్యేసరికి అదే కన్ను, పక్కన ఇంకొకటి. మళ్లీ వేశాను. సిస్టర్ ఫ్లోసీ ఏమందో తెలుసా? "బ్రదర్ హోబర్ట్, గోడలోంచి ఎవరో తొంగి చూస్తున్నారు, నీ ప్రసంగం ఇవాళైనా అవుతుందా అని" అంది. అందరూ నవ్వారు. సోమవారం చూస్తే అరచేయంత ముఖంలో సగం పైకొచ్చేసింది. తడిసి అతుక్కున్న నల్లటి జుట్టు, దాని కింద ఆ రెండు కళ్లు. తొట్టిలో బకెట్టు వదిలేసి వచ్చేశాను. మీ అమ్మే. నన్నే చూస్తోంది. ఎందుకు చూస్తోందో నాకు తెలుసు, ఇప్పుడు నీకూ తెలియాలి.

ఆ ఏరు వేసినప్పుడు నీకు రెండేళ్లు. పక్క కౌంటీ నుంచి పెళ్లికొచ్చిన ఒక టీచరమ్మ దాన్ని చూసి, అరగంట అక్కడే నిలబడిపోయింది. లెక్సింగ్టన్‌లో రెండేళ్లు నేర్చుకుంటే ఈ చేతికి తిరుగుండదు, నేను మాట్లాడి సీటు ఇప్పిస్తానంది. ఆ సాయంత్రం మీ అమ్మ రొట్టెపిండి చేతుల్తోనే నా ముందుకొచ్చి, "ఏమంటావు హోబర్ట్?" అంది. నాకు భయమేసింది. వెళ్తే ఇక ఈ లోయకి తిరిగి రాదనిపించింది. భయమేసిందని చెప్పడానికి సిగ్గేసింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను. "ప్రార్థించాను ఓర్లీనా, ప్రభువు వద్దన్నాడు" అన్నాను.

"ప్రభువన్నాడా, నువ్వన్నావా?"

"ప్రభువే."

కుంచెలన్నీ ఖాళీ వంటకొవ్వు డబ్బాలో పెట్టి అటక మీదికి ఎక్కించింది.

నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. నా చదువంతా నల్ల అట్టల బైబిలే. గనిలో కప్పు కూలి కనుబొమ్మ చీలినప్పుడు, ఆ చీకట్లో నా జన్మలో ఒక్కసారి ఆయన స్వరం నిజంగా విన్నాను. వారానికే బాప్తిస్మం తీసుకుని ఏట్లోంచి లేచాను. అలాంటివాణ్ణి, యెహోవా పలకకుండానే యెహోవా పలికెనని చెప్పే ప్రవక్తలకు శ్రమ అని యెహెజ్కేలు గ్రంథం తెరిచి, బల్ల గుద్ది ఎన్నిసార్లు అరిచానో! నేను చూపించిన వేలు ఎవరివైపు ఉంది డెల్ఫా? దేవుని గుడారపు పనికి బెసలేలనే పనివాణ్ణి పేరు పెట్టి పిలిచి, చేతిపని కోసమే తన ఆత్మతో నింపినవాడు ఆ దేవుడు కాదా? ఆయన నింపిన చేతిని నేను కట్టేశాను.

క్రిస్మస్‌కి నువ్వొచ్చావు. "గోడల మీద బొమ్మలు వేస్తాను నాన్నా. పైకప్పుల మీద కూడా. ఆసుపత్రుల్లో మంచం మీద కదల్లేనివాళ్లకి పైన ఏదైనా కనిపించాలి కదా. ఈ వేసవిలో గోడబొమ్మలు వేసేవాళ్ల దగ్గర పనికి రమ్మన్నారు" అంటూ కళ్లు మెరుస్తుంటే చెప్పావు. నాకు మళ్లీ అదే భయం. అదే సిగ్గు. "ప్రభువు నాతో మాట్లాడాడు, నీ చోటు ఇక్కడే" అన్నాను. తల్లీ, నాకు ఏ స్వరమూ వినపడలేదు. పొయ్యిలో బొగ్గు చిటపట తప్ప ఏమీ వినపడలేదు.

ఆ సంతకం పెట్టకు. పదిహేనో తేదీ ఆదివారం సంఘం ముందు నా నోటితోనే ఇదంతా ఒప్పుకుంటాను. నన్ను క్షమించమని అడిగే హక్కు కూడా నాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్పు. నువ్వు రంగుల సంగతి చదువుకున్నదానివి. ఈస్టర్‌కి ముందు ఆ గోడని ఇంకా మందంగా పూస్తే ఆ కళ్లు ఆగుతాయా? వీపు వెనక అవి ఉండగా నేను ఆ నీళ్లలో ఎవర్నీ ముంచలేను.

నీ దోషి తండ్రి,
హోబర్ట్ కాడిల్

*

సిన్సినాటీ
మార్చి 10

నాన్నా,

కూర్చునే చదివాను. మెట్లమీద, చలిలో. సంతకం పెట్టలేదు, పెట్టను.

నువ్వు అబద్ధమాడావని నాకు క్రిస్మస్ రోజే తెలుసు. ఆ గనిలో స్వరం విన్నాక మూడు రోజులు నీకు మాట పెగల్లేదనీ, మంచినీళ్లు కూడా దిగలేదనీ నాయనమ్మ చెప్పేది. క్రిస్మస్‌కి ప్రభువు నీతో మాట్లాడాడని చెప్పి, ఆ నోటితోనే ఆపిల్ 'పై' ముక్క రెండోసారి వేయించుకున్నావు. అయినా తలూపాను. నీ అబద్ధం నాకు అవసరానికి దొరికింది నాన్నా, అంతే. ఇక్కడి వాళ్లంతా చిన్నప్పట్నుంచి మ్యూజియాల్లో తిరిగినవాళ్లు. నా గీతని చూసి మాస్టారు అందరి ముందూ "ఎవరి పర్మిషన్ కోసం చూస్తున్నావు?" అన్నాడు. ఆ వారమంతా కుంచె ముట్టలేదు. ఓడిపోయి వచ్చానని అనిపించుకోవడం కంటే దేవుడు పిలిస్తే వచ్చానని అనిపించుకోవడం బాగుంటుంది కదా? నువ్వు దాక్కున్న చోటే నేనూ దాక్కున్నాను.

ఇంకొకటి. నాకు గుర్తుంది, అంతా గుర్తుంది. నేను బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టిందే ఆ ఏరు చూసి. అమ్మ ఆపలేదు నాన్నా. బుధవారం మందిరం ఊడవడానికి నన్ను వెంటపెట్టుకుని వెళ్లేది కదా, చీపురు నా చేతికిచ్చి తను ఎండిన తొట్టిలోకి దిగేది. కొవ్వుడబ్బా అటక మీద ఖాళీగానే ఉండేది. కుంచెలు పాటల పుస్తకాల బీరువా వెనక ఉండేవి. "నాన్నకి చెప్పకు, నాన్న ప్రభువుకి చెప్పేస్తాడు" అని నవ్వేది. తను మంచానపడేదాకా ఆ ఏటికి అలలు కలుపుతూనే ఉంది. చివరికి ఆసుపత్రిలో కూడా కప్పు మీద తడిమరక చూపించి, "అక్కడ ఒక ఏరు దాగుంది డెల్ఫా, పెద్దయ్యాక బయటికి తియ్యి" అంది. నేను పైకప్పులంటూ వెంటపడేది అందుకే.

ఆ ముఖం అమ్మది కాదు. బాప్తిస్మమిచ్చేటప్పుడు నువ్వెప్పుడూ సంఘం వైపు తిరిగి, గోడకి వీపు పెట్టి నిలబడతావు. అందుకే అదక్కడుందని నీకిన్నాళ్లూ తెలీలేదు. నువ్వు నిలబడే చోటికి సరిగ్గా వెనక, నడుమెత్తులో వేసింది. దూరం నుంచి అలలాగే ఉంటుంది. "ఎవరమ్మా?" అని అడిగాను. "మీ నాన్న. ఏట్లోంచి లేచిన రోజు. నిజంగా విన్నవాడి ముఖం అది. మిగతా రోజుల్లో నేను మర్చిపోకుండా ఉండాలిగా" అంది.

నూనె రంగు మీద నీళ్లరంగు పూశావు. వేడి ఆవిరి తగిలితే అది పట్టుకోదు. ఎన్ని డబ్బాలు పూసినా లేచిపోతుంది. దయచేసి కత్తి పెట్టి గీకకు. నాలుగు రోజుల సెలవు మీద ఈస్టర్‌కి వస్తాను, తెలుపంతా మెల్లగా నేనే తీస్తాను. మళ్లీ సోమవారానికి క్లాసులో ఉండాలి. బాప్తిస్మం సంగతి నాకే వినపడనివ్వు. అంతదాకా ఆగలేకపోతే, మెత్తటి గుడ్డ గోరువెచ్చటి నీళ్లలో తడిపి, ఎడమ కన్ను పైన వేలెడు మేర అద్దు.

నీ,
డెల్ఫా

*

టర్కీ ఫోర్క్
మార్చి 16

డెల్ఫా తల్లీ,

నిన్న సంఘం ముందు నిలబడి అంతా చెప్పాను. ఇన్నేళ్లుగా ప్రసంగాలు చేసినవాణ్ణి, నిన్న మాటలు కూడగట్టుకోలేకపోయాను. చివరికి సిస్టర్ ఫ్లోసీ, "నీ ప్రసంగాల్లో ఇదే పొట్టిది, ఇదే మంచిది" అంది. ఇకమీద ఆ బల్ల దగ్గర నిలబడాలో వద్దో వాళ్లే తేల్చాలి.

అందరూ వెళ్లాక తలుపేసి, ఎండిన తొట్టిలోకి దిగి, మొదటిసారి తల దించుకోకుండా ఆ గోడ వైపు తిరిగాను. గుడ్డ తడిపి అద్దాను. తెలుపు పాలమీగడలా చేతిలోకి వచ్చేసింది.

కనుబొమ్మ చీలి ఉంది.

దానివంక ఎంతసేపు చూశానో తెలీదు. ఆ ముఖం ఏదో విని, ఇంకా వింటూనే ఉన్నట్టుంది. నేనూ చెవులు రిక్కించి నిలబడ్డాను. నాకేమీ వినపడలేదు. వినపడిందని నీతో చెప్పను.

నీ కుంచెలు తెచ్చుకో. బీరువా జరిపి చూశాను, అమ్మవీ అక్కడే ఉన్నాయి.

నాన్న