తొమ్మిదో మంచం మాటలు

ఎముకల వార్డు హెడ్ సిస్టరు గారికి, ఆసుపత్రి పరిపాలనాధికారి రాయునది:

నిన్న తనిఖీలో మీ వార్డు రిపోర్టు పుస్తకం చూశాను. తొమ్మిదో మంచం పేజీలో మీ చిన్న సిస్టరు స్వదస్తూరీతో ఇలా ఉంది: "పెద్ద డాక్టరు గారు రౌండ్సుకి రావడం మబ్బు వచ్చిపోయినట్టే. మంచం మీద చీకటి పడుతుంది, చినుకు మాత్రం పడదు."

మనం నర్సులను పెట్టుకున్నది రోగులను చూడటానికి, కవిత్వం అల్లడానికి కాదు. ఆ అమ్మాయి ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదని గుర్తు చేస్తున్నాను. మూడు రోజుల్లో సంజాయిషీ రాకపోతే ఆ పర్మినెంటు కాగితం మీద సంతకం పెట్టను. ఇంటికి పంపించేస్తాను.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క. ఆ పేజీ పెద్ద డాక్టరు గారికి ఇంకా చూపించలేదు. నా మంచితనం అనుకోండి.

*

గౌరవనీయులైన అధికారి గారికి, హెడ్ సిస్టరు నమస్కారాలు.

దేవుడి దయవల్ల మేమంతా క్షేమం. మీ కళ్ళు కూడా క్షేమమేనని ఎర్ర సిరా గీత చూసి తెలుసుకున్నాను.

ఆ మాట మా పిల్లది కాదండీ. ఆ మంచంలో కాలు విరిగి పడుకున్న డ్రిల్లు మాస్టారిది. రోగి ఏమంటే అది ఉన్నదున్నట్టు రాయాలని శిక్షణలో మాకు మొదటి రోజే నేర్పుతారు. సొంత పైత్యం కలపకూడదు. ఆరో మంచం తాతగారు "కడుపులో పిల్లి రక్కుతోంది" అంటే మేం పిల్లి అనే రాస్తాం. నొప్పి ఎలాంటిదో డాక్టరుకి తెలిసేది ఆ పిల్లి వల్లే.

ఇద్దరు చెల్లెళ్ళ చదువు ఈ పిల్ల ఉద్యోగం మీదే నడుస్తోంది. దయచేసి సంతకం పెట్టండి.

ఇట్లు, మీ విధేయురాలు,
హెడ్ సిస్టరు

తా.క. మీరు గీత గీసిన వాక్యానికి పైనే "జ్వరం నూట రెండు, డాక్టరు కోసం రెండుసార్లు అడిగారు" అని కూడా ఉందండీ. ఎర్ర సిరా అక్కడిదాకా చాలినట్టు లేదు.

*

హెడ్ సిస్టరు గారికి,

సంజాయిషీ చదివాను. అంటే తప్పు రోగులదన్నమాట. సరే. రేపటి నుంచి నవ్వు పుట్టించే మాట ఏ రోగి అన్నా, పుస్తకంలో ఎక్కించే ముందు రెండు ప్రతులు తీసి ఆఫీసుకి పంపాలి. నేను అనుమతిస్తేనే రాయాలి. ఎవరినైనా ఎత్తిపొడిచిన మాటైతే మూడో ప్రతి నేరుగా వారికే వెళ్ళాలి. "ఈ వార్డులో నవ్వులాట నిషేధం" అని బోర్డు రాయించి పంపుతున్నాను. తలుపుకి తగిలించండి.

ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో చూశాకే చిన్న సిస్టరు సంతకం సంగతి.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క. వార్డులో పిల్లి ఉందని మీరే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. దాన్ని పట్టడానికి మనిషిని పంపుతున్నాను.

*

గౌరవనీయులైన అధికారి గారికి, నమస్కారాలు.

బోర్డు తగిలించాం. పది రోజులుగా మూలుగుతూ పడుకున్న రెండో మంచం ఆయన అది చదివి మొదటిసారి నవ్వారు. మాటలేవీ లేవు, వట్టి నవ్వే. దానికి ప్రతులు ఎలా తీయాలో తెలపగలరు.

మీరు పంపిన మనిషి గోనెసంచితో వచ్చాడు. పిల్లి ఫలానా చోట ఉందని తాతగారి కడుపు చూపించాం. అతను ఆయన్ని ఎగాదిగా చూసి, సంచి చాలదని వెళ్ళిపోయాడు.

ఇకపై రాసేది మాత్రం నవ్వులాట కాదండీ. మంగళవారం పొద్దున ఏడో మంచం లారీ డ్రైవరు "ఇది నా కాలేనా, అద్దెకి తెచ్చి తగిలించారా" అన్నాడు. మామూలుగా అయితే మా పిల్ల అది వెంటనే రాసి డాక్టరుకి చూపించేది. ఇప్పుడు భయపడి ముందు మీకు రెండు ప్రతులు పంపింది. మధ్యాహ్నం నేను దుప్పటి ఎత్తి చూస్తే కట్టు బిగిసిపోయి వేళ్ళు నీలంగా ఉన్నాయి. అప్పటికప్పుడు కట్టు కోయించాను. దేవుడు ఆ కాలు నిలబెట్టాడు. మీ అనుమతి సాయంత్రం వచ్చింది. కాలివేళ్ళకి ఆఫీసు పద్ధతులు తెలియవు కదండీ.

ఇట్లు, మీ విధేయురాలు,
హెడ్ సిస్టరు

తా.క. డ్రిల్లు మాస్టారు ఇంటికి వెళ్ళిపోయారు. అలాంటి బోర్డు ఇంకొకటి ఉంటే ఇప్పించమన్నారు. బావమరిది వచ్చినప్పుడల్లా తగిలించుకుంటారట.

*

హెడ్ సిస్టరు గారికి,

మీ ఉత్తరంలో వెటకారం వాసన వేస్తోంది. ఏ వాక్యంలో ఉందో పట్టుకోలేకపోతున్నాను, అది వేరే సంగతి. కాలివేళ్ళు నా శాఖ కిందికి రావు.

సోమవారం పదింటికి పెద్ద డాక్టరు గారితో కలిసి నేనే స్వయంగా వస్తున్నాను. చిన్న సిస్టరుని సామాను సర్దుకుని ఉండమనండి.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క. నేల అద్దంలా మెరవాలి. నా మొహం నాకు కనిపించాలి.

*

తొమ్మిదో మంచంలో ఉన్న అధికారి గారికి, నమస్కారాలు.

నేలలో మొహం కనిపించాలన్నారు. జారిపడి మరీ అంత దగ్గరగా చూసుకుంటారని అనుకోలేదండీ. కాలి ఎముక ఒక్కచోటే విరిగింది కాబట్టి తొందరగానే అతుకుతుందన్నారు. మీ కోసం ప్రార్థన కూడా చేశాను.

మీ ఆదేశం ప్రకారం, నిన్నటి నుంచి మీరు అన్న మాటలు రెండు ప్రతులు తీసి అనుమతి కోసం పంపుతున్నాను. మా పిల్లే దగ్గరుండి, పొల్లు పోకుండా రాసుకుంది.

పెద్ద డాక్టరు గారు వచ్చి వెళ్ళాక: "విరిగింది నా కాలు, ఈయన చూసుకునేది తన గడియారం."

ఈ పొద్దున ఆయన అసలు రాకపోయాక: "ఈయన బదులు కోటొకటి కొక్కేనికి తగిలించినా ఇంతే వైద్యం జరుగుతుంది."

ఇంకోటి కూడా అన్నారు. అది రాయడానికి మా పిల్లకి సిగ్గేసింది. నేనే రాసి, కవరులో పెట్టి అంటించాను.

ఇట్లు, మీ విధేయురాలు,
హెడ్ సిస్టరు

తా.క. ఎత్తిపొడుపు ఎవరి మీదో వారికే మూడో ప్రతి వెళ్ళాలన్నారు. పెద్ద డాక్టరు గారి గది మా వార్డుకి ఎదురే. పన్నెండింటి దాకా ఆగుతాను.

*

అమ్మా హెడ్ సిస్టరు గారూ,

కాగితం దొరక్క భోజనం చీటీ వెనకాల రాస్తున్నాను. ఆగండి. ఎదురు గదికి వెళ్ళకండి.

ఆదేశం రద్దు. బోర్డు తీయించండి. చిన్న సిస్టరు ఉద్యోగం కాగితం ఆఫీసు నుంచి తెప్పించి సంతకం పెట్టాను. దిండు కింద ఉంది, వచ్చి తీసుకోమనండి. వచ్చేటప్పుడు ఆ కవరు తెచ్చి నా చేతికి ఇమ్మనండి. ఇకనుంచి రోగి ఏమంటే అది రాసుకోండి. ఏ ప్రతులూ ఎవరికీ పంపనక్కర్లేదు.

ఇట్లు,
తొమ్మిదో మంచం

తా.క. "ఉదర భాగమున కొంత అసౌకర్యముగా ఉన్నది" అని నిన్న పెద్ద డాక్టరు గారికి పద్ధతిగానే మనవి చేసుకున్నాను. ఊఁ అని వెళ్ళిపోయారు. ఉన్నమాట చెబుతున్నానమ్మా, కడుపులో పిల్లి రక్కుతోంది. పుస్తకంలో పిల్లి అనే రాయించండి.